నూట నలభై పలకలు

చచ్చిన ఎద్దు పోవచ్చునట. చచ్చిన తల్లి పోకూడదట.

మునసబు మహానందిరెడ్డి అరుగు దగ్గర నుంచి తిరిగి వస్తూ ప్రేమయ్య ఈ రెండు మాటలే నములుతున్నాడు. ఎంత నమిలినా గొంతు దిగడం లేదు. నిరుడు ఇదే రెడ్డి ఎద్దు శెనక్కాయల బండి లాగుతూ సరిగ్గా ఇనుప వారధి నడుమ కూలబడి ప్రాణం వదిలింది. దాని కాళ్లకు మోకులు కట్టి ఆవలి గడ్డకు ఈడ్చింది ప్రేమయ్యా, అతని బావమరిది లేవీ. పలకల మీద పడిన నురగా పేడా కడిగిందీ వాళ్లే. అది దేవుని పల్లకి పోయే తోవ అని ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

ప్రేమయ్య గుర్తు చేశాడు. తెల్లవారుతూనే పోయి, అరుగుకు పది అడుగుల దూరాన నిలబడి, తలగుడ్డ చంకలో పెట్టుకొని మరీ గుర్తు చేశాడు.

"అది ఎద్దురా," అన్నాడు రెడ్డి, నోట్లో వేపపుల్ల తీయకుండా. "ఎద్దూ మీరూ ఒకటేనా?"

అరుగు మీది నలుగురూ నవ్వారు. ఒకటి కాదని ప్రేమయ్యకూ తెలుసు. ఎద్దు చచ్చిన రోజు రెడ్డి ఇంట్లో పొయ్యి వెలిగించలేదు.

"సామీ, ఏరు రొమ్ముల్లోతు పోతాంది. మా సమాధుల దొడ్డి ఆ గడ్డనుండాది. బిడ్జి మింద పోకుంటే యాడ పోవల్ల?"

"నీళ్లు తగ్గి ఏరు తీసేదాకా పెట్టుకోండి."

"రెండు దినాలు పట్టొచ్చు, నాలుగు పట్టొచ్చు. మనిషి గదా సామీ, ఎట్ల పెట్టుకునేది?"

"అయితే ఈ గడ్డనే యాడన్నా గుంత తీసి పూడ్చుకో."

"ఈ గడ్డన మాకు గుంతంత నేల యాడుండాది? అంతా మీదే గదా."

రెడ్డి వేపపుల్ల తీసి ఉమ్మాడు. "శానా మాట్లాడతాండావు ప్రేమిగా. తల్లి పోయిందని ఊరుకుంటాండా. ఎల్లుండి దసరా. చెన్నకేశవుడు జమ్మిచెట్టుకు పోయేది ఆ పలకల మిందనే. మీ పీనుగ ఆ పలకలకు తగిలిందా, మీ గేరిలో ఒక్కనికీ ఈ ఊర్లో కూలి పుట్టదు. చెప్తాండా."

"అంటే, పలకలకు తగలకూడదు."

"తగలకూడదు."

"అట్లనే సామీ," అన్నాడు ప్రేమయ్య. ఆ మాట ఎందుకన్నాడో అప్పటికి అతనికే తెలియదు. నాలుకకు ముప్పై ఏండ్ల అలవాటు.

చామలదిన్నె దగ్గర హంద్రి మీద ఆ వారధి కట్టి యాభై నాలుగేండ్లయింది. నీళ్లు పోయే కండ్లు రెండు, నడుమ ఒక రాతి దిమ్మె, రెండు పక్కలా మనిషికి రెండింతల ఎత్తున ఇనుప కమ్మీల అల్లిక. ఆ ఇనుము ఇంగ్లండు నుంచి ఓడలో మద్రాసుకు, మద్రాసు నుంచి రైల్లో డోనుకు, డోను నుంచి ఎద్దులబండ్ల మీద ఇక్కడికి వచ్చిందట. రివిట్లు బిగించే రోజుల్లో ప్రేమయ్య తాత ఆశీర్వాదానిది పట్టే పని. కింద కొలిమిలో ఎర్రగా కాలిన రివిట్టును పటకారుతో పైకి విసిరితే, కమ్మీ మీద నిలబడి బొక్కెనలో పట్టాలి. దినానికి మూడు నాలుగు వందలు పట్టేవాడు. పట్టలేనివి అతని ముంజేతుల మీద పడేవి. చచ్చేదాకా ఆ చేతుల మీద గుండ్రటి మచ్చలుండేవి, గవ్వలు పరచినట్టు. ఆ చేతులు చూపించి "ఇదిగో నా జీతం" అని నవ్వేవాడు.

ప్రేమయ్య పద్దెనిమిదేండ్లుగా వారధి గ్యాంగులో ఉన్నాడు, ఆరేండ్లుగా మేస్త్రీ. ఏడాదికోసారి తుప్పు గీకి, సిందూరం రంగు పూసి, దాని మీద బూడిద రంగు పూయాలి. సుత్తితో ఒక్కొక్క రివిట్టునూ తట్టి చూడాలి. గట్టిగా ఉన్న రివిట్టు ణంగుమంటుంది, వదులైంది గొణుగుతుంది. పైన నడవడానికి పరిచిన మద్దిచెక్క పలకలు నూట నలభై. మూడేండ్లకోసారి వాటిని విప్పి మార్చాలి. ఏ పలకకు ఏ మూల బోల్టు తుప్పు పట్టి మొరాయిస్తుందో ప్రేమయ్యకు కండ్లు మూసుకున్నా తెలుసు. పల్లకి మోసే బోయీల కాళ్లు పడే ప్రతి పలకనూ అతని చేతులే అక్కడ పెట్టాయి. చేతులు తగిలితే ఏమీ కాలేదు. తల్లి తగిలితే దేవునికి మైలట!

ఊరి బయట ఉన్న తమ గేరిలోకి వచ్చేసరికి గుడిసె ముందు జనం. లోపల తల్లి రూతమ్మ తెల్లగుడ్డ కింద చిన్నపిల్లలా ఉంది. నిన్న పొద్దుగూకేటప్పుడు పోయింది. పెండ్లాం జ్ఞానమణి తల దగ్గర కూర్చొని ఈగలు తోలుతోంది. ప్రేమయ్య ముఖం చూడగానే ఆమెకు అర్థమైంది.

"ఒప్పుకోలా?"

"ఒప్పుకోలా."

"మామను చేసినట్లే చేయమంటాండాడా?"

ప్రేమయ్య తల్లి కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

ఇరవై రెండేండ్ల కిందట అతని నాయన యోబు ఇట్లనే ఏరు నిండినప్పుడు చచ్చిపోయాడు. హంద్రి పది నెలలు ఇసుకే కాబట్టి గేరివాళ్ల పీనుగులు ఇసుకలోనే ఆవలికి పోయేవి, ఎవరికీ ఏ తకరారూ ఉండేది కాదు. నీళ్లొచ్చినప్పుడు చావడమే తప్పు. ఇప్పటి రెడ్డి నాయన అప్పటి మునసబు. ఆయనా పలకల మాటే చెప్పాడు. రెండు దినాలు చూశారు. వాసన మొదలయ్యాక నలుగురు మగవాళ్లు పాడెను తలల మీద పెట్టుకొని రొమ్ముల్లోతు నీళ్లలో దిగారు. నడి ఏట్లో ఒకని కాలు జారింది. పాడె కొట్టుకుపోయింది. రూతమ్మ గట్టు వెంబడి, తుమ్మముళ్లలో, మూడు మైళ్లు పరుగెత్తింది. దిగువన కంపకు తట్టుకొని ఉన్న మొగుణ్ని సాయంత్రం తనే బయటికి లాగింది. అప్పటికే చేపలు ముఖాన్ని ముఖంలా ఉంచలేదు. పదహారేండ్ల ప్రేమయ్య వెనకనే ఉండి అంతా చూశాడు.

అప్పటినుంచీ ఏరు వచ్చినప్పుడల్లా రూతమ్మది ఒకటే పాట. "నన్ను మాత్రం నీళ్లలో ఎయ్యొద్దు నాయనా. ఎండకాలం చూసుకొని సస్తాలే, మీకు కష్టం ల్యాకుండా." అని నవ్వేది. మొన్న జ్వరం ముదిరినప్పుడు నవ్వలేదు. చెయ్యి పట్టుకొని, "ఏరు తీసిందా?" అని మూడుసార్లు అడిగింది. తీసిందని ప్రేమయ్య మూడుసార్లు అబద్ధం చెప్పాడు.

"కేసు పెడదాం బావా," అన్నాడు లేవి. అతను ఎనిమిది చదివాడు, కోడుమూరు పోయినప్పుడల్లా పేపరు చూసి వస్తాడు. "నిరుడే ఢిల్లీలో చట్టం చేసినారు. సర్కారు బిడ్జి మింద పోవద్దనేకి ఈయప్ప ఎవరు? జైల్లో ఏస్తారు."

"యాడ పెడతావు కేసు? కర్నూల్లో ఆఫీసులన్నీ మూటలు కట్టుకుంటాండాయి, హైదరాబాదు పోతాండామని. మన ఓవర్సీరు కాగితాలు లారీకెత్తేకి పోయి వారమాయె. కేసు తేలేలోపల అమ్మ ఎముకలు కూడా ఉండవు."

ఓవర్సీరు అనగానే ప్రేమయ్య చెయ్యి తనంతట తానే చొక్కా జేబు మీదికి పోయింది. అందులో మడత పెట్టిన కాగితం ఉంది. పోయిన నెలలో వచ్చిన ఆర్డరు. పలకలన్నీ విప్పి కొత్తవి వేయమని, పని పూర్తయ్యేదాకా రెండు వైపులా ఎర్రజెండా పాతి రాకపోకలు ఆపమని. కొత్త పలకలు ఆవలి గడ్డన రేకుల షెడ్డులో దొంతర పెట్టి ఉన్నాయి. దసరా అయ్యేదాకా ముట్టుకోవద్దని రెడ్డి నోటిమాటగా ఓవర్సీరుకు చెప్పించాడు. నోటిమాట నోట్లోనే ఉంది. కాగితం మాత్రం జేబులో ఉంది.

ప్రేమయ్య కాగితం తీసి లేవి చేతిలో పెట్టాడు. "గట్టిగా చదువు. అందరికీ ఇనపడేట్ల."

లేవి చదివాడు. చదువుతూ చదువుతూ బావ ముఖం చూశాడు. "పలకలు ఇప్పితే పోయేదెట్ల బావా?"

"మనం పలకల మింద ఎప్పుడు నడిచినాంరా? రంగు పూసేటప్పుడు యాడ నడుస్తాం?"

గ్యాంగువాళ్లు ఆరుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పలకల కింద నిడుపునా ఇనుప దూలాలుంటాయి, ఒక్కోటి జానెడు వెడల్పు. దూలానికీ దూలానికీ నడుమ రెండు మూరల సందు. సందులోంచి చూస్తే కింద ఏరు. వాళ్లు రంగు డబ్బా ఒక చేత, కుంచె ఒక చేత పట్టుకొని బీడీ కాలుస్తూ ఆ దూలాల మీద తిరుగుతారు. నలుగురు మనుషులు, ఒక్కో దూలం మీద ఇద్దరు. నడుమ పాడె.

"పలకలకు తగలకూడదన్నాడు గదా," అన్నాడు ప్రేమయ్య. "తగలనీయం. ఒక్క పలకకు కూడా తగలనీయం. లేయండి. గేరిలో నడవగలిగినోళ్లంతా రావల్ల. ఆడోళ్లూ ముసలోళ్లూ. ఇప్పిన పలకను నెత్తిన పెట్టుకొని ఆ గడ్డకు పోయి ఆడనే ఉండిపోవల్ల. అర్థమాయెనా? ఆడనే ఉండిపోవల్ల. గుంత కూడా తీయల్ల."

అర్థమైంది. ముసలి ఏసోబు అప్పుడే పార భుజాన వేసుకున్నాడు.

పొద్దు బారెడెక్కేసరికి రెండు వైపులా ఎర్రజెండాలు లేచాయి. ఊరి వైపు మొదటి పలక దగ్గర మోకాళ్ల మీద కూర్చొని ప్రేమయ్య పానా బిగించాడు. తిరగని బోల్టును బూతులు తిట్టాడు. అది రెడ్డి తలే అయినట్టు సుత్తితో బాదాడు. పలక తర్వాత పలక ఊడి వస్తోంది. విప్పిన పలకను ఇద్దరిద్దరు ఎత్తుకొని ఇంకా విప్పని పలకల మీదుగా ఆవలి గడ్డకు పోతున్నారు. పోయినవాళ్లు ఇంకో పలక కోసం విప్పే చోటికి వస్తున్నారే గానీ ఊరి గడ్డకు తిరిగి రావడం లేదు. ఏడుపు లేదు, మాట లేదు. సావింటివాళ్లు కూలిపని చేస్తున్నట్టే ఉంది చూసేవాళ్లకు.

సంతకు పోయే బండ్లు రెండు వచ్చి ఎర్రజెండా చూసి గొణుక్కుంటూ తిరిగిపోయాయి. వారధి మీద ఎర్రజెండా ఉంటే కలెక్టరు కారైనా ఆగాల్సిందే. ఊరికి అది కొత్త కాదు.

పల్లకి బోయీల పెద్ద చిన్న ఈరన్న వచ్చి అంచున నిలబడ్డాడు. "ఏం ప్రేమిగా, మీ అమ్మ పోయిందంటాండారు, నువ్వేంది ఈడ పలకలు పీకుతాండావు?"

"సర్కారు పని ఆగుతాదా ఈరన్నా? కాగితం వచ్చింది."

"పాపం ముసల్ది," అన్నాడు ఈరన్న. నిజంగానే అన్నాడు. కాసేపు నిలబడి పోయాడు.

నడిపొద్దుకు రెడ్డే వచ్చాడు, గొడుగు పట్టించుకొని. సగం వారధి బోసిపోయి ఉంది. ప్రేమయ్య లేచి నిలబడలేదు. పానా తిప్పుతూనే ఉన్నాడు. పద్దెనిమిదేండ్లలో రెడ్డి వచ్చినప్పుడు లేచి నిలబడకపోవడం అదే మొదలు. రెడ్డి అది పని శ్రద్ధ అనుకున్నాడు.

"దసరాకు ముందే మొదలుపెట్టినావే?" గట్టు మీది నుంచే అరిచాడు.

"కొత్త పలకలేస్తాండాం."

"దేవుడు కొత్త పలకల మింద పోతాడన్నమాట!" రెడ్డి సంతోషపడ్డాడు. వెనకనున్నవాళ్ల వైపు తిరిగి, "చూసినారా? పొద్దున నాలుగు మాటలు గట్టిగా చెప్తే తిక్క కుదిరింది. తల్లి పీనుగను ఇంట్లో పెట్టుకొని దేవుని పనికొచ్చినాడు. భక్తంటే ఇదిరా," అన్నాడు. "ఎల్లుండి తెల్లారేసరికి అయిపోవల్ల."

పానా ప్రేమయ్య చేతిలో జారి వేలి కణుపు చీరుకుపోయింది. నెత్తురును తలగుడ్డకు తుడుచుకున్నాడు. ఒక్క మాట నోరు దాటితే అంతా చెడిపోతుంది. నోరు మూసుకోవడం కన్నా ఆ తుప్పుబోల్టులు విప్పడమే సులువనిపించింది.

పొద్దు పడమటికి వాలేసరికి నూట నలభై పలకలూ ఆవలి గడ్డన దొంతరలయ్యాయి. గేరి మొత్తం ఆ గడ్డనే ఉంది. వారధి ఎముకల గూడులా నిలబడింది. దూలాల సందుల్లోంచి ఎర్రటి నీళ్లు, కొట్టుకొచ్చే కంప, సుడులు. గ్యాంగువాళ్లలో ఇద్దరు ఆ ఒడ్డునే ఉండగా ప్రేమయ్య, లేవి, ఇంకో ఇద్దరు దూలాల మీద తిరిగి వచ్చి, గట్టు కింది వంక దారిన గేరిలోకి పోయారు.

పాడె ఎత్తారు. రూతమ్మ బరువు లేదు. జ్ఞానమణి కొంగు నడుముకు చెక్కుకొని వెనక వచ్చింది.

"నువ్వు వద్దు. కాలు జారుతాది," అన్నాడు ప్రేమయ్య.

"ఆయమ్మ ముళ్లలో మూడు మైళ్లు పోయింది. నేను ఈ రెండు కండ్లు దాటలేనా?"

వాళ్లు దూలాల మీద కాలు పెట్టారు. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు, నడుమ సందు మీద తేలుతూ రూతమ్మ. "ఎడమ... కుడి... ఎడమ..." అని లేవి మెల్లగా చెప్తున్నాడు. జ్ఞానమణి పక్క కమ్మీలు పట్టుకొని ఒక్కో అడుగే వేస్తోంది. నడి దిమ్మె దాకా పోయారో లేదో వెనక కేకలు.

ఎవరో చూసి చెప్పినట్టున్నారు. రెడ్డీ, కట్టెలు పట్టుకొని పదిమందీ పరుగెత్తి వచ్చి వారధి మొదట్లో ఆగిపోయారు. ఆగక ఏం చేస్తారు? కాలు పెట్టడానికి చోటు లేదు. ఒక మొనగాడు దూలం మీద రెండడుగులు వేశాడు. కింద సుడి చూశాడు. నాలుగు కాళ్ల మీద వెనక్కి పాకాడు.

"ఆగండ్రా! ప్రేమిగా! ఆగమంటాండానా!"

ప్రేమయ్య ఆగలేదు. తల తిప్పకుండానే అరిచాడు, పద్దెనిమిదేండ్లుగా లోపల బిగించి పెట్టిన గొంతుతో. "మహానందిరెడ్డీ! బాగా చూసుకో! మా అమ్మ పలకలకు తగిలిందా? తగిలితే చెప్పు!"

పేరు పెట్టి పిలిచాడు. రెడ్డి పక్కనున్నవాళ్లకు పాడె కన్నా అదే పెద్ద దెబ్బగా తోచింది. ఒకడు రాయి విసిరాడు. అది ప్రేమయ్య తల మీదుగా పోయి కమ్మీకి తగిలి గొణిగింది. రెండో కంటిలో, కుడిపక్క, పైనుంచి మూడో రివిట్టు వదులైందని ప్రేమయ్య అనుకున్నాడు. తల్లిని మోస్తూ కూడా అనుకున్నాడు. అట్లా అనుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఈ ఇనుమును తన ఒళ్లుగా చూసుకున్నాడే, ఎవరి కోసం?

ఆవలి గడ్డన నలభై చేతులు పాడెను అందుకున్నాయి. అప్పుడు లేచింది ఏడుపు, పొద్దున్నుంచీ ఆపిందంతా ఒక్కసారి. రూతమ్మను యోబు పక్కనే పెట్టారు. పొడినేల. పార దిగితే దుమ్ము లేచింది.

మట్టి చేతులతోనే ప్రేమయ్య ఒక్కడే తిరిగి దూలం మీద వచ్చాడు. ఊరి గడ్డకు పది అడుగుల దూరంలో ఆగి, అడ్డ దూలం మీద కాళ్లు వేలాడేసి కూర్చున్నాడు. పొద్దున అరుగుకూ అతనికీ అంతే దూరం.

రెడ్డి ముఖం చింతనిప్పులా ఉంది. "నీ ఉద్యోగం ఊడిందనుకో."

"ఊడనీ."

"జైల్లో తోయిస్తా."

"ఏ కేసు కింద? పలకలు ఇప్పమని కాగితం ఉండాది. జెండా ఉండాది. పద్ధతి ప్రకారం ఇప్పినా."

"అయితే పద్ధతి ప్రకారం ఎయ్యి! ఎల్లుండి పల్లకి పోవల్ల."

"ఎల్లుండికి మా అమ్మను పూడ్చి మూడో దినం. మా గేరిలో ఎవరూ పనికి రారు. ఆ మర్నాడు మొదలుపెడతాం. నాలుగు దినాలు పడతాది."

"మరి దేవుడు పోయేదెట్లరా?" రెడ్డి గొంతు చీలిపోయింది.

"మా నాయన పోయినట్లే పోనీ. ఏట్లో నీళ్లుండాయి గదా."

గొడుగు పట్టినవాడు గొడుగు వంచాడు, ఎండ లేకపోయినా. చివరికి రెడ్డి, "చూస్తా, నీ సంగతి చూస్తా," అంటూ తిరిగాడు. చూస్తాడనీ ప్రేమయ్యకు తెలుసు. రేపు కాకపోతే ఎల్లుండి, ఓవర్సీరు రాగానే. గేరిలో పొయ్యిలు ఆరతాయి. అదంతా పొద్దున పానా పట్టుకున్నప్పుడే లెక్కకు వచ్చింది.

అందరూ పోయాక చిన్న ఈరన్న మిగిలాడు. అంచున గొంతుక్కూర్చొని దూలాల వంక, కింద నీళ్ల వంక చూస్తున్నాడు. ఎల్లుండి పల్లకి కొమ్ము పట్టాల్సింది అతనే. కుడికాలు దూలం మీద పెట్టి, బరువు మోపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"ఏమప్పా ప్రేమయ్యా," అన్నాడు మెల్లగా. ఆ ఊళ్లో పైగేరి మనిషి అట్లా పిలవడం ప్రేమయ్య ఎప్పుడూ వినలేదు. "కింద చూడకుండా నడవల్లనా? మీరు యాడ చూసి నడుస్తారు?"

ప్రేమయ్య లేచి నిలబడ్డాడు. జాలి రాలేదు. రావాలని కూడా అనిపించలేదు.

"కింద చూసే నడుస్తాం ఈరన్నా. మా నాయన కొట్టుకుపోయిన తావు అది."

వదులైన ఎర్రజెండా ముడిని బిగించి, జానెడు ఇనుము మీద ఆవలి గడ్డకు నడిచిపోయాడు.